మారెమ్మ చూసిన నీటి సంచి

ఎమ్మిగనూరు దగ్గరి పల్లెలో కూలికి పోయే మారెమ్మకు, కూతురు స్వప్న హైదరాబాదులో మొక్కల మీద పరిశోధన చేస్తోందని తెలుసు. ఏం పరిశోధనో తెలియదు. మారెమ్మ భర్త జయరాజు ఉల్లి చేలో వడదెబ్బ తగిలి చనిపోయాక, స్వప్న చదువు సగంలో వదిలేసి వచ్చింది. ఆదోనిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ తల్లి దగ్గరే ఉండిపోయింది. పరిశోధన మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక శనివారం మారెమ్మ పనిమీద ఆదోని పోయి, కూతురి కాలేజీకి వెళ్లింది. ల్యాబులో స్వప్న ఒక్కతే ఉంది.

"ఇంతకీ అన్నేండ్లు ఏం సదివినావు పాపా?"

స్వప్న ఎర్ర ఉల్లిగడ్డ పొర ఒలిచి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టింది. మారెమ్మ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"గోడకు ఇటికెలు పేర్చినట్టుంది. లోపలంతా ఊదారంగు."

"ఒక్కో ఇటికె ఒక కణం మా. ఆ రంగు నీళ్లుండేది ఒక సంచిలో. వాక్యూల్ అంటారు. అది నిండుగా ఉంటేనే మొక్క నిలబడేది. మొదట సిన్న సిన్న బుడగలుగా ఉంటాది. కొన్ని ప్రోటీన్లు రెండు బుడగల్ని పట్టి దగ్గరికి లాగుతాయి. ఇంకొన్ని వాటి పొరల్ని కలిపి ఒకటి సేస్తాయి."

"ఆ పట్టేది లేకుంటే?"

"సంచి తయారు కాదు. మొలక గింజలోనే సచ్చిపోతాది. నేను సూసినవి అట్లాంటి గింజలే. లేని ప్రోటీన్‌ను మళ్లీ ఇస్తే బతుకుతాయేమో సూడాలనుకున్యా. అంతలోకే నాయన పోయినాడు."

మారెమ్మ స్టూలు మీంచి లేచింది. "నువ్వు ఈడ కూసుంటే ఆయప్ప లేచొస్తాడా? నా కాళ్లూ సేతులూ బాగానే ఆడతాండాయి. పో."

ఆ వేసవిలోనే స్వప్న రైలెక్కింది. ఆ లోపాన్ని పైకి కనపడకుండా మోస్తూ, కొన్ని గింజల్లోనే బయటపెట్టే మొక్కలను మళ్లీ మొదటి నుంచి పెంచాల్సి వచ్చింది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును వాటిలోకి ఎక్కించినా, తొలి కాయల్లో గింజలు మునుపటిలాగే ముడుచుకుపోయాయి. ఆ సంగతి ఫోన్లో చెబుతూ ఆమె ఏడ్చింది. మారెమ్మ ఓదార్చలేదు. "మళ్లా ఎయ్యి" అంది.

మరుసటేడు మారెమ్మ మిరపకోతలో ఉండగా ఫోన్ మోగింది.

"మొలిచినాయి మా. లోపల సంచి నిండుగా, ఒక్కటిగా కనపడతాంది."

"మన పంటలకు పనికొస్తాదా?"

"ఇప్పుడే కాదు మా. అది ఎట్లా తయారవుతాదో తెలుసుకునేదానికే."

"తెలిసిందా?"

"కొంచెం తెలిసింది."

"ఏం పాపా, తిన్యావా?" అని మాత్రం అడిగి మారెమ్మ ఫోన్ పెట్టేసింది. పక్క సాలులో కాయలు కోస్తున్న మహాదేవి ఎవరని అడిగింది. "మా పాప. మొలిచినాయంట" అంది మారెమ్మ. జయరాజును పూడ్చిన రోజు కూడా నలుగురి ముందు ఏడవని మనిషి, చేనిగట్టు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.