దొరసాని సమాధికి గొలుసు లాగిన రోజు

రిటైర్ కావడానికి ఏడాది ముందు, వేసవిలో, శ్రీకాకుళం జిల్లాలోని ఒక తీర మండలానికి నన్ను సర్వేయరుగా వేశారు. అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి, పైగా ఇసుకలో నడక. సర్వీసంతా ఒకరి గట్టు ఇంకొకరికి చూపించి ఇద్దరి చేతా తిట్లు తిన్నవాణ్ణి. దిగిపోయేలోపు తగువు లేని కొలత ఒక్కటి దొరికితే చాలుననుకునేవాణ్ణి.

దొరికిందనే అనుకున్నాను. అమెరికా నుంచి మార్గరెట్ అనే డెబ్బై దాటిన ఆవిడ వచ్చింది. వాళ్ల వంశంలో మొట్టమొదట మన దేశానికొచ్చిన ముత్తవ్వ, బాప్టిస్టు మిషన్‌లో పనిచేస్తూ ఈ పల్లెలోనే జ్వరంతో పోయిందట. వంశంలో అందరి సమాధులూ చూసింది, ఇదొక్కటే మిగిలింది. సాయంత్రానికల్లా చోటు చూపించమని తహశీల్దారు గారి ఆర్డరు. ఎద్దు పుండు కాకికి ముద్దా!

నేల మీద ఆనవాలు లేదు గానీ, పాత సర్వే పటంలో సమాధి గుర్తు ఉంది. సముద్రం వైపు పాతిన సర్వే రాయి నుంచి చర్చి మూలకు గురిచూసి కొలత గొలుసు లాగాలి. పటంలో ఉన్నంత దూరం రాగానే మేకు కొట్టాలి. ఆ మేకు సరిగ్గా అప్పలమ్మ వంటింట్లో పడింది.

అప్పలమ్మ చేపలమ్ముకుని బతుకుతుంది. భర్త వేటకెళ్లి తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. ఇంటి పట్టా కోసం ఏళ్లుగా తిరుగుతోంది. అది శ్మశానం భూమి అని నేను రాస్తే పట్టా మాట దేవుడెరుగు, ఇల్లే ఖాళీ చేయాలి. ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చుండిపోయింది.

“ఏటి బాబూ, సచ్చిపోయినావిడకి సోటు కోసం బతికున్నదాన్ని ఈదిలోకి గెంటీస్తారేటి?” అంది.

ఆ మాటను, ఆవిడకు తోడుగా వచ్చిన చర్చి పాస్టరు గారు ఇంగ్లీషులో చెప్పేసరికి మార్గరెట్ గారి ముఖం పాలిపోయింది.

మేకు కొట్టడంతో పని అయిపోదు. అదే గీత మీద చర్చి దాకా కొలిచి, మొత్తం దూరాన్ని పటంతో సరిచూడాలి. చూస్తే చాలా తగ్గింది. చర్చి మూల కదలదు కదా! వెనక్కి వెళ్లి రాయిని చూశాను. నడుము చుట్టూ తాడు ఒరిపిడి గీతలు. ఎవరు కదిపారని అడిగితే అక్కడున్నవాళ్లంతా ఇసుక వైపు చూశారు. సర్వే రాయి పీకడం నేరమని అందరికీ తెలుసు. నాకు ఒళ్లు మండింది. నేను పోలీసుని కాననీ, నిజం చెబితే నిలబడేది ఆమె ఇల్లేననీ అప్పలమ్మ మీద అరిచాను.

“మా మావ పీకీసినాడు బాబూ,” అంది చివరికి. “సముద్రం మీద మీదకొస్తంటే, పడవ కట్టుకోడానికి పనికొస్తాదని ఇవతలకి తెచ్చి పాతీసినాడు. సెప్తే జైలంటారని నోరెత్తనేదు. అదిగో, ఆ కెరటం ఇరుగుతున్నకాడ ఉండీది.”

ఆ చోటు నుంచి మళ్లీ లెక్క కట్టాను. మేకు కొట్టడానికి నేల లేదు. అప్పలమ్మ ఇల్లు నిలబడింది, దొరసాని సమాధి నీళ్లలో తేలింది. అంత దూరం నుంచి వచ్చిన ముసలావిడకు ఆ మాట చెప్పడం నా వల్ల కాలేదు. పాస్టరు గారే చెప్పారు.

ఆవిడ నీటి అంచుకు వెళ్లి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. అప్పలమ్మ గుమ్మంలోంచి లేచి వెళ్లి చెయ్యి పట్టుకుంది.

“ఏడవకమ్మా. మా ఆయన కూడా అక్కడే ఉన్నాడు.”

ఈసారి పాస్టరు గారు ఇంగ్లీషులో చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

ఇల్లు సమాధి చోటులో లేదని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. ఆ ఏడే అప్పలమ్మకు పట్టా వచ్చింది. నాకు తెలిసింది ఇంతే: రాయి నిలబడి ఉందని నమ్మకూడదు, దానికి తాడు కట్టుకుని బతికినవాళ్లను ముందు అడగాలి. అడిగినా, అన్ని చోట్లూ చూపించలేం. సముద్రానికి సర్వే నంబరు లేదు.