పిన్ని ఎక్కిన ఉయ్యాల

ఈ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే బరంపురంలో మా వీధి చివర రజ పండుగకి ఉయ్యాల కడుతున్నారు. కొబ్బరి పీచు తాడు వాసన తగలగానే పిన్ని గుర్తొచ్చింది.

ఒడిశాలో రజ రోజుల్లో ఆడవాళ్లు పని ముట్టరు, ఉయ్యాలలూగుతారు. నా చిన్నప్పుడు, అస్కాలో ఇంటెడు చాకిరీ చేసే పిన్ని ఆ పండుగకి మా ఇంటికి వచ్చేది. మనిషి లావు. ఉయ్యాల వైపు ఆశగా చూసేదే తప్ప, నవ్వుతారని ఎక్కేది కాదు. ఒక ఏడు నేనే చెయ్యి పట్టి లాక్కెళ్లాను.

"నన్ను తొయ్యగలవేటే అమ్మీ?"

"నీ బరువంతా తాడే మోస్తాది కదా పిన్నీ, నాకేటి కష్టం?"

నిజంగానే అలా అనుకున్నాను. బలంకొద్దీ తోశాను. ఉయ్యాల జానెడు కదిలి వెనక్కి వచ్చింది.

"క్రేను తెప్పించండర్రా," అని మా మేనత్త నవ్వింది. పిన్ని దిగబోయింది.

"ఉండు పిన్నీ," అని, వెనక్కి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా తోస్తూ పోయాను. చాలాసేపటికి ఉయ్యాల పైకి లేచింది.

"ఇంక ఆపకే," అంది పిన్ని మెల్లగా.

తాడు మోసేది బరువునేనని, ద్రవ్యరాశి మాత్రం మనిషిలోనే ఉండిపోతుందని, కదలడానికి మొరాయించేది అదేనని పై తరగతుల్లో చదువుకున్నాను.

ఇప్పుడు సెలవు రోజు మంచం దిగలేకపోతే అమ్మ అంటుంది, "పనులన్నీ నేనే సేసేసినాను కదే, ఇంకేటి బరువు నీకు?" బరువు ఇంకొకరు మోసినంత మాత్రాన మనిషికి వెంటనే కదలిక రాదని ఆమెకి ఎలా చెప్పాలో తెలియక, అటు తిరిగి పడుకుంటాను.