స్ప్రింగుకు జడిసే బాబు సాహెబ్

స్ప్రింగంటే అంత భయమున్న మనిషి గ్రామఫోన్లు బాగుచేసే పనిలోకి ఎందుకు వచ్చినట్టు? ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను, నాకు జవాబు దొరకలేదు.

పుంగనూరులో బాబు సాహెబ్ అంగట్లో కూర్చుని నేను పుస్తకాలు చదువుకునేవాణ్ణి. ఊళ్లో అంత నిశ్శబ్దమైన చోటు మరొకటి లేదు. ముల్లు గీస్తే ప్లేటు అరిగిపోతుందని ఆయన పాట పెట్టడానికే జంకేవాడు. ప్లేట్లు ఎండలో పెడితే అప్పడాలవుతాయని ఇంకో భయం. ఒక పాటకు అరిగిన ముల్లుతోనే రెండో పాట పెడుతున్నారేమోనని, బాగుచేసి ఇచ్చిన ఇళ్లకు వెళ్లి గోడ పక్కన నిలబడి వినేవాడు.

అన్నిటినీ మించిన భయం, ప్లేటును తిప్పే స్ప్రింగు. బిగించి చుట్టిన ఆ ఉక్కు పట్టీ ఉండే డబ్బా మూత తీసే రోజు బజారుకు తమాషా. తలమీద సత్తుగిన్నె బోర్లించుకుని, ఒంటికి బొంత చుట్టుకుని, మమ్మల్నందర్నీ రోడ్డు అవతలికి తరిమేవాడు.

"యాల సాయిబూ, లోపల పాముండాదా?" అని టీ అంగడి రెడ్డెప్ప అరిచేవాడు.

"పామైతే ఒగసారి కరిసి పోతాదప్పా! ఇది గొంతు కోస్తాది. నీ మేకను గూడా దూరం తోలు!"

ఎనభై ఆరులో రామకుప్పం నుంచి పూలమ్మ, ఆమె కొడుకు నారాయణప్ప గ్రామఫోన్ మూటగట్టుకుని వచ్చారు. అది తిరగడం లేదు. బాగయితే బెంగళూరు హోటలాయనకు అమ్మేయాలని కొడుకు బేరం కుదుర్చుకున్నాడు. హోటల్లో షోకుకు పెట్టుకుంటాడట. ఆయనా కారులో వచ్చి, అంగట్లో కూర్చున్నాడు.

పూలమ్మ దానికి కీ ఇచ్చే పిడిని ఒళ్లో పెట్టుకుని వదల్లేదు. "తోటకాడ ఒంటిగా ఉంటా సాయిబూ. ఏనుగులు అరిస్తే గుండె జారిపోతాది. ఇది పాడతాంటే ఎట్లనో తెల్లారతాది" అంది.

"ఏనుగులు యాడైనా పాటకు జడుస్తాయామ్మా?" అని నవ్వాడు నారాయణప్ప.

"అవి జడిసేకి కాదురా. నేను జడవకుండా ఉండేకి."

బాబు సాహెబ్ ఆమెనే చూశాడు. గిన్నె తీసుకోలేదు, బొంత ముట్టుకోలేదు. గ్రామఫోన్లోంచి స్ప్రింగు డబ్బా ఊడదీసి, వట్టి చేతులతో పట్టుకుని హోటలాయన దగ్గరికి జరిగాడు. నా చేతిలోంచి పుస్తకం జారిపోయింది.

"మీ హోటలుకు పిల్లోళ్లు వస్తారా స్వామీ?"

"వస్తారు. ఏం?"

"ఏ పిల్లోడన్నా ఊరికే పిడి గిరగిరా తిప్పినాడనుకోండి..." అంటూ మూత లేపాడు.

పట్టీ బుసకొట్టి ఎగిరింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది బల్లమీద ఇంకా వణుకుతోంది. బయట కారు అప్పుడే స్టార్టయింది. పిడి తిప్పితే స్ప్రింగు అలా బయటికి దూకదని నాకు తెలుసు. వంగి నా పుస్తకం ఏరుకున్నాను.

"ఎంత పని చేసినావు సాయిబూ! ఆయప్ప ఇంగ వస్తాడా?" అన్నాడు నారాయణప్ప.

"రాడు. ఇంగెవురన్నా కొంటామంటే నా దగ్గరికే పిల్సుకురా. భయం గురించి నీకేం తెల్సప్పా? నన్నడుగు. దీన్ని మీయమ్మ దగ్గరే ఉండనీ."

ఆ తర్వాత బొంత కప్పుకుని, మమ్మల్ని మళ్లీ రోడ్డు దాటించి, పట్టీని లోపల చుట్టాడు. సాయంత్రానికి పాట వచ్చింది. పూలమ్మ ముఖమంతా నవ్వే. అంతలో ఆమె కళ్లు ఆయన చేతిమీద పడ్డాయి.

"సాయిబూ, నెత్తురు!"

చివరి మర బిగిస్తూ గీరుకున్నట్టుంది. వేలి కొసన ఆవగింజంత ఎరుపు. బాబు సాహెబ్ దాన్ని చూశాడు. చెప్పులు మరిచి, అంగడి బార్లా తెరిచి వదిలేసి, పోయొస్తానని ఒక్క మాటైనా అనకుండా, ఆస్పత్రి దారిన పరుగు తీశాడు.