చప్పుడు లేకుండా దించాలి

మాకు కసరత్తు నేర్పిన వస్తాదు పోయినాడని పోయిన వారం ఒకరోజు పొద్దున్నే నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆయన తాలింఖానాలో నాతోపాటు కసరత్తు నేర్చుకున్న ఆటో అన్న. "వస్తాదు లేడప్పా. బేగా రా," అన్నాడు. అంతే, పెట్టేశాడు. నేను ఆళ్లగడ్డలో మా శిల్పాల షెడ్డులో ఉలి పట్టుకుని కూర్చున్నాను. కాసేపు లేవబుద్ధి కాలేదు. షెడ్డు మూలనున్న నల్ల రాతిగుండు వైపు చూస్తూ ఉండిపోయాను. ఆ గుండు సంగతి చెప్పకుండా ఆయన సంగతి చెప్పడం నా వల్ల కాదు.

నంద్యాలలో ఐటీఐ చదివే రోజుల్లో ఆ తాలింఖానాలో చేరాను. తాలింఖానా అంటే జిమ్మే, కాకపోతే అద్దాలుండవు, పాటలుండవు. రేకుల కప్పు, ఎర్రమట్టి నేల, గోడకు ఆనించిన గదలు, మధ్యలో చేతులకు నునుపెక్కిన ఆ రాతిగుండు. మార్కెట్ యార్డు హమాలీలు, బట్టల అంగళ్ల వాళ్లు, నాబోటి హాస్టల్ వాళ్లు అందరం తెల్లవారకముందే చేరేవాళ్లం. రాళ్లు కొట్టుకుని బతికే ఇంట్లో పుట్టినవాణ్ణి, గుండు ఎత్తడం నాకొక లెక్కా అనుకున్నాను. మొదటి రోజే భుజం మీదికి ఎత్తి, దబ్బుమని కింద పడేసి, మెచ్చుకుంటాడని చూశాను. వస్తాదు లేచి వచ్చి నా ముఖమైనా చూడకుండా వంగి, గుండు పడిన చోట నేలను చేత్తో తడిమాడు.

"ఎత్తేది ఎవుడైనా ఎత్తుతాడప్పా," అన్నాడు. "దించేది చూపీ."

ఆయన దగ్గర ఎవరెంత ఎత్తారన్న మాటే లేదు. దించినప్పుడు చప్పుడైందా లేదా, అదొక్కటే లెక్క. భుజం నుంచి ఛాతీ మీదికి, ఛాతీ నుంచి తొడల మీదికి, మోకాళ్లు వంచి, మెల్లగా నేల మీదికి. మేం దించుతుంటే ఆయన మాకు వీపు చూపించి గోడవైపు తిరిగి నిలబడేవాడు. చెవులతోనే పరీక్ష. చప్పుడైతే "మళ్లా" అనేవాడు. కాకపోతే ఏమీ అనేవాడు కాదు. ఆయన ఏమీ అనకుండా ఉంటే చాలని మేం ఎంతగా పాటుపడ్డామో చెప్పలేను. శభాష్ అన్న మాట ఆ నోట ఒక్కసారి కూడా వినలేదు. అంత పిసినారి నోరు నేను మళ్లీ చూడలేదు.

చేతులు మాత్రం పిసినారివి కావు. ఒకసారి హాస్టల్లో జ్వరంతో పడుకుంటే క్యారియర్‌లో రాగిజావ పట్టుకుని వచ్చాడు. "ఎవరు చెప్పినారు?" అని అడిగాను. "ఎవురు జెప్పాల? పొద్దున తాలింఖానా గడప కాడ నీ చెప్పులు లేవు గదా, తాగు," అన్నాడు. నేను తాగేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని, ఖాళీ క్యారియర్ తీసుకుని వెళ్లిపోయాడు. ఈరోజుకూ జావ తాగితే నాకు ఆయనే గుర్తొస్తాడు.

తర్వాత్తర్వాత కుర్రాళ్లు ఏసీ జిమ్ముల దారి పట్టారు. స్థలం వాళ్లు అంగళ్లు కట్టుకుంటామన్నారు. మేం కొందరం గొడవకు సిద్ధపడితే ఆయనే ఆపాడు. "వాళ్ల జాగా వాళ్లు అడుగుతాండారు. ఇన్నాళ్లు చేసుకున్యాం, చాలు. చప్పుడెందుకప్పా?" అన్నాడు. ఆఖరి రోజు నేలంతా తానే ఊడ్చి, నీళ్లు చల్లి, తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టి వచ్చాడు. ఇంటికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడని, అన్నానికి లేపినా లేవలేదని ఆయన భార్య మాకు చెప్పింది.

గదలు తలా ఒకటి తీసుకున్నారు. గుండును ట్రాలీ ఆటోలో నేను ఆళ్లగడ్డకు తెచ్చుకున్నాను. "దాన్ని దేవున్ని గూడా చేయాకప్పా. అట్లే ఉండనీ," అని మరీ మరీ చెప్పి పంపాడు. ఆ తర్వాత వీలైనప్పుడల్లా బస్సెక్కి మా షెడ్డుకు వచ్చేవాడు. "నిన్ను చూసి పోదామని వచ్చినాను," అనేవాడు గానీ, కూర్చునేది మాత్రం గుండు పక్కనే.

కిందటి ఎండాకాలం వచ్చినప్పుడు మనిషి కొంచెం చిక్కి ఉన్నాడు. "మా ఇంటి ఎదురుగా జిమ్ము పెట్టినారప్పా. పొద్దస్తమానం ఇనుము దబ్బుదబ్బుమని పడేస్తాండారు. దించేది ఎవురికీ రాకుండా పోతాదేమో," అన్నాడు. గుండు వైపు చూపించి, "ఒక్కసారి దించి చూపీ. నాకు చూడాలని ఉంది," అన్నాడు.

లేచి వంగాను. రాతిపనితో నడుము ఏనాడో పోయింది. గుండు మోకాళ్ల దాకా లేచింది, ఆపైన రాలేదు. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి, "ఉండనీలే," అన్నాడు. బస్సెక్కించి వచ్చాను. అదే ఆఖరు. ఆయన ఇంతకాలంలో నన్ను ఏదైనా అడిగింది అదొక్కటే. అది నేను చేయలేకపోయాను.

నంద్యాల చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. తాలింఖానాలో మాతోపాటు గుండు ఎత్తిన హమాలీ అన్నలిద్దరూ, ఆటో అన్నా, నేనూ భుజం పట్టాం. శ్మశానం ఇంకా కొంత దూరముందనగా పాడెను ఒకసారి నేల మీదికి దించి, పోయినవారి చెవిలో పిలుస్తారు కదా, ప్రాణం తిరిగొస్తుందేమోనన్న ఆశతో. ఆ చోటికి వచ్చాం. డప్పులు ఆగాయి. మాలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. భుజం నుంచి ఛాతీ దగ్గరికి, ఛాతీ నుంచి తొడల మీదికి. నలుగురం ఒక్కసారే మోకాళ్లు వంచాం. నా నడుము సంగతి నాకు గుర్తే లేదు. పాడె నేలను తాకిన చప్పుడు నాకే వినపడలేదు.

ఆయన కొడుకు వంగి చెవిలో "నాయనా," అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మేం నలుగురం వంచిన మోకాళ్లు వంచినట్లే ఉండి, "మళ్లా" అంటాడేమోనని ఆయన ముఖం వైపే చూస్తున్నాం.

ఆయన ఏమీ అనలేదు.