ఆమె చేత చెప్పించిన తప్పు

నన్ను రిసెప్షన్ నుంచి స్టోర్ రూమ్‌లోకి తోయించింది ఆమె. దోహాలో మేం పనిచేసే హోటల్లో ఇద్దరం ఒకే కౌంటర్ దగ్గర నిలబడేవాళ్ళం. ఆమె మాతృభాష రష్యన్. నా ఉదయం షిఫ్టు మీద కన్నేసి, "ఇతని ఇంగ్లిష్ గెస్టులకు అర్థం కావడం లేదు" అని మేనేజరుకు చెప్పింది. ఒక్క గెస్టు కూడా అలా అనలేదు. ఏడేళ్ళుగా నిలబడ్డ చోటు ఒక్క మాటతో పోయింది. తువ్వాళ్ళు సర్దుతూ ఆమెను తిట్టుకోని పూట లేదు.

అలాంటిది, సూపర్‌వైజర్ పోస్టుకు ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూ అనగానే నా దగ్గరికే వచ్చింది. "నాకు నేర్పిస్తారా?" అంది. ఏ మొహం పెట్టుకుని వచ్చిందో!

నేనుండే ఉమ్ ఘువైలినా పేటలో నా రూమ్మేటు నిజామాబాద్ వైపువాడు. సంగతి విని ఎగిరి గంతేశాడు. "తప్పు తప్పు నేర్పియ్ అన్నా. మేనేజర్ ముంగట ఇజ్జత్ పోతది."

"వద్దు. సరిగ్గానే నేర్పుతాను. ఏడిపించి మరీ నేర్పుతాను," అన్నాను.

పగబట్టినవాడంత శ్రద్ధగా పాఠం చెప్పేవాడు ఉండడు. టీ టైములో, క్యాంటీన్‌లో, అందరూ వినేలా చెప్పేవాణ్ణి. మాట చివరి 'డ్'ను 'ట్' చేసి పలికేది. వేలు గొంతు మీద పెట్టించి, అక్కడ అదురు తెలిసేదాకా అరబ్బుల్లా "యల్లా, మళ్ళీ" అని తొందరపెట్టేవాణ్ణి. నాలుక పళ్ళ మధ్యకు రావాల్సిన మాటలకు చేతిలో అద్దం పెట్టి, కొస కనబడితేనే ఒప్పుకునేవాణ్ణి. కొత్త పదాలు పట్టీ రాసుకుని బట్టీపడుతుంటే నోట్‌బుక్ మూయించాను. డ్యూటీలో ముట్టుకున్న ప్రతి వస్తువు పేరూ చెప్పి, దానితో ఆ రోజు తనకు జరిగిందేదో చెప్పాలి. అదంతా ఫోన్లో రికార్డు చేసి తన గొంతు తానే వినాలి. రెండుసార్లు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకెంత హాయిగా ఉండేదో దాచను.

ఆఖరి వారంలో, "మీరు చేసిన తప్పు ఒకటి చెప్పమంటారట. ఏం చెప్పను?" అని అడిగింది.

"కల్పిస్తే తడబడతావు. నిజంగా చేసిందే చెప్పు. నిజం చెప్పేవాళ్ళంటే మేనేజర్లకు గౌరవం," అని నమ్మబలికాను. "నా సంగతి చెప్పు."

ఆమె మొహం పాలిపోయింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. పోలేదు. ఆ పోస్టు ఆమెకు అంత కావాలి.

"ఉదయం షిఫ్టు కోసం తోటి ఉద్యోగి మీద అబద్ధం చెప్పాను." మొదటిసారి సగంలోనే ఆపేసింది. మళ్ళీ అనమన్నాను. వారమంతా అదే వాక్యం. తప్పు లేకపోయినా ఏదో ఒక శబ్దం పట్టుకుని మళ్ళీ చెప్పించాను.

ఇంటర్వ్యూలో తడబడకుండా చెప్పిందట. మేనేజరు నన్ను పిలిచి, "నిజమేనా?" అని అడిగాడు. "నిజమే సార్," అన్నాను. మర్నాటి నుంచి నేను కౌంటర్‌లో ఉన్నాను. ఆమెకు పోస్టు రాలేదు.

ఆ ఉదయం నా పక్కన నిలబడి, కంప్యూటర్ వైపే చూస్తూ, ఇంగ్లిష్‌లో క్షమించమంది. అది మేం సాధన చేసిన వాక్యం కాదు. శబ్దాలన్నీ పాత పద్ధతిలోనే వంకరపోయాయి. నేను దిద్దలేదు. క్షమించనూ లేదు.