పత్తి సేటు నడుము కొలత

మంగళవారం పొద్దున నాకు డయాలసిస్ సూదులు ఎక్కించినంక సిస్టరమ్మ చెప్పింది, పక్క మంచం పత్తి సేటు తెల్లారంగ పోయిండని. పన్నెండింటికే దహనమంట. నా మిషను ఒంటిగంటకు గానీ అయిపోదు. ఒంట్ల రక్తం గొట్టాలల్ల తిరుగుతుంటే లేచి ఎక్కడికి పోత? మూడేండ్లు పక్కపక్కన పండుకున్న మనిషి. ఆఖరి చూపుకు పోలేక, పైన ఫ్యాను చూసుకుంట పడి ఉన్న.

నేను గిల్లేసూగూరు దర్జీని. సేటుది రాయచూరు గంజ్‌ల పత్తి వ్యాపారం. ఈ జబ్బు తెల్వనోళ్ళకు జర చెప్పాలె. తాగిన నీళ్ళు మాకు బయటికి పోవు, ఒంట్లనే నిలుస్తయి. నీళ్ళు నిలిస్తే బీపీ ఎక్కుతది. మిషను ఒక్కసారే ఎక్కువ గుంజితే బీపీ పడి కండ్లు తిరుగుతయి. అందుకే వచ్చినప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి కాంటా ఎక్కాలె. నీళ్ళన్నీ పోయినంక ఉండాల్సిన బరువు ఒక్కొక్కరికి ఒకటి రాసిపెడతరు. సేటుది అరవై రెండు. వారానికి మూడు దినాలు, దినానికి నాలుగు గంటలు, ఆ మంచమే మాకు జేలు.

మొదటి ఎండకాలం నాతోని కాలే. బస్సు దిగంగనే చెంబెడు నీళ్ళు తాగేది, లోపలికొచ్చి గుక్కెడే తాగిన అనేది. సేటు దొరకబట్టిండు. "సంచిల చెయ్యి పెడితే చాలు, పత్తికి నీళ్ళు చల్లిన్రా లేదా చెప్త. నాకే చెప్తున్నవా?" అన్నడు. ఉప్పు మానితే దూపే తగ్గుతదని, తట్టుకోలేకుంటే నిమ్మబద్ద చప్పరించాలని ఆయనే నేర్పిండు. దుకాణానికి ఎవరొచ్చినా చాయ్ తెప్పిచ్చేదంట, తాను మాత్రం వాసన చూసి ఊకునేదంట. నేను లోపల తిట్టుకుంటనే ఆయన చెప్పింది విన్న. వినకుంటే ఆ ఏడే పోతుంటి.

ఈ మధ్య ఆయనకు తిండి సయించలే. ఒకనాడు రెండు తెల్ల ప్యాంట్లు తెచ్చి, "జారుతున్నయి, నడుము కాడ జర లోపలికి కుట్టుకరా" అన్నడు. రెండించులు తగ్గించి కుట్టిన. "పెండ్లికొడుకోలె అయితున్నరు సేటూ" అని నవ్విన కూడ.

ఆ వారమే బీపీ ఎంతకూ దిగకపోతే డాక్టరొచ్చి అడిగిండు, తింటున్నరా, చిక్కిన్రా అని.

"చిక్కుడేంది సార్? కాంటా చూడండి, అరవై రెండు. తూకంల నన్నెవరు మోసం చేస్తరు?" అన్నడు సేటు.

డాక్టరు ఒక గోలీ పెంచి పోయిండు. నేను పక్క మంచం మీదనే ఉన్న. ఆ నడుము ఎంత తగ్గిందో కత్తెర పట్టిన నాకు తెలుసు. పెద్దమనిషి మాట మీద మాటెట్ల అంటమని నోరు మూసుకున్న.

ఇప్పుడు సిస్టరమ్మకు ఆ సంగతి చెప్తే ఆమె తల పట్టుకుంది. కండ కరిగిన జాగల నీళ్ళు చేరినయంట. అందుకే కాంటా అదే అంకె చూపెట్టిందంట. ఆ అంకె తగ్గించి రాసి, ఇంకా నీళ్ళు గుంజాల్సి ఉండెనంట.

సూదులు తీసినంక బీపీ తొంభైకి పడింది. అరగంట కూసోబెట్టి పంపిన్రు. నేను సేటింటికి పోయేసరికి అంతా అయిపోయింది. సేటు భార్య గోడకు ఆనుకొని కూసుంది.

"కాంటా సరిగ్గనే ఉండె కదయ్యా, మరేమైంది ఆయనకు?" అని అడిగింది.

చెప్పొద్దనే పోయిన. కానీ ఆ మొకం చూసి ఆగలేకపోయిన. ప్యాంట్లు, డాక్టరు, నేను ఊకున్నది, అంతా చెప్పిన. తిడితే బాగుండనిపించింది. ఆమె తిట్టలే.

"కుట్టించుకొమ్మని ఆ ప్యాంట్లు సంచిల పెట్టింది నేనే," అన్నది.

తర్వాత ఆమె సూదుల పట్టీ లేని నా చెయ్యి పట్టుకొని, అంగి చెయ్యి పైకి జరిపింది. మణికట్టు చుట్టూ ఆమె బొటనవేలు, చిటికెనవేలు కలిసినయి.

"నీకెంత రాసిన్రు?"

"యాభై నాలుగమ్మా."

"రాసి ఎన్నాళ్ళయింది?"

చెప్పేదాక ఆమె నా చెయ్యి వదల్లే.