కాలవకి రెండు వైపులా తిట్లు తిన్న మా టీచరుగారు

మా సోషల్ టీచరుగారు పోయారని మొన్న పొద్దున్న నాతో చదువుకున్న మంగ ఫోన్ చేసి చెప్పింది. ఏలూరు ఆస్పత్రిలో, గుండె ఆగిపోయి. నేను భీమడోలు మీదుగా ఊరు చేరేసరికే సెంటర్లో ఫ్లెక్సీ కట్టేశారు. ‘శాంతిదూతకు కన్నీటి నివాళి’ అని పెద్ద అక్షరాలు, కింద దణ్ణం పెడుతూ మా పెదనాన్న ఫొటో. ఒకప్పుడు ఆవిడ ఇంటి మీద రాళ్ళు వేయించింది ఆయనే.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ మంట మీదే రాస్తున్నాను కాబట్టి ఈ మాటలు మెత్తగా ఉండవు. ఆవిడా మెత్తని మనిషి కాదు.

ఆవిడది తాడేపల్లిగూడెం. మా హైస్కూలుకి బదిలీ మీద వచ్చి, రిటైరయ్యాక కూడా మా ఊళ్ళోనే అద్దెకుండిపోయారు. పాఠం చెప్పేటప్పుడు గొడుగు కొనతో మ్యాపుని పొడిచి చూపించేవారు. కొల్లేరు ఉన్నచోట మ్యాపుకి చిల్లు పడిపోయింది. తప్పు చెబితే తిట్టేవారు, ఒప్పు చెప్పినా "ఇంత ఆలస్యమా" అని తిట్టేవారు. పరీక్షల ముందు మాత్రం రోజూ సాయంత్రం ఆవిడ వరండాలో మా అందరికీ ఉప్మా ఉండేది.

మా ఊరికీ, కాలవ అవతలి లంక ఊరికీ పడదు. మావాళ్ళు కొల్లేటి నీటికి అడ్డంగా గట్లు పోసి చేపల చెరువులు తవ్వారు. వాళ్ళు పడవల మీద వలలేసుకుని బతికేవాళ్ళు. ఒక ఏడు మా గట్టుకి గండి పడింది. ఆ వారంలోనే వాళ్ళ పడవలు తగలబడ్డాయి. మంగది ఆ ఊరు. మా ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది టీచరుగారే. మేం మధ్యలో పుస్తకాల సంచులు పెట్టుకుని కూర్చునేవాళ్ళం.

మా డిగ్రీలయ్యాక ఆవిడ ఎక్కడెక్కడో కనుక్కుని ఒక ఏర్పాటు చేశారు. శ్రీలంకలో సముద్రపు నీళ్ళు లోపలికొచ్చి నిలిచే కయ్య ఒడ్డున, యుద్ధం తర్వాత తమిళ పిల్లలూ సింహళ పిల్లలూ కలిసి పనిచేసే ఊరొకటి ఉంది. మనవాళ్ళు కొన్ని వారాలు అక్కడ ఉండాలి, తర్వాత వాళ్ళు ఇక్కడికి రావాలి. రెండు ఊళ్ళ నుంచీ చెరిసగం ఎంచారు.

పెదనాన్న ఆవిడ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"ఏవండీ టీచరుగారూ, మా పిల్లని ఆ ఊరి పిల్లతో ఒకే గదిలో పెడతారంటగా?"

"పెడతానండి. మీ పిల్లా కరవదు, వాళ్ళ పిల్లా కరవదు. కరిచే వయసు మనదేనండి."

ఆ వారమే ఆవిడ కిటికీ అద్దాలు పగిలాయి. అవతలి ఊరూ తక్కువ తినలేదు. ఆవిడ మా ఊరి మనిషేనని, వాళ్ళ పిల్లల్ని మాయ చేసి తీసుకుపోతోందని ఆవిడని తమ పడవ ఎక్కనివ్వలేదు. విదేశీయులతో ఏం పనని పోలీసులొచ్చి అడిగి వెళ్ళారు. ఆవిడ వాళ్ళకి టీ ఇచ్చి, మేం వెళ్ళే ఊరు ఎక్కడుందో మ్యాపులో చూపించారు.

అన్నీ దాటుకుని చివరికి వెళ్ళాం. అక్కడ మంగా నేనూ ఉన్న ఇంటి అమ్మాయి యాళిని, తమిళులమ్మాయి. యుద్ధంలో అన్న పోయాడు. ఆమె రోజూ నువన్ అనే సింహళ కుర్రాడితో కూర్చుని వలలు బాగుచేసేది. సింహళుల మీద కోపం లేదా అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను.

"ఉంది" అంది యాళిని. "అందుకే ఇతని నంబరు దగ్గర పెట్టుకున్నాను. ఏదైనా పుకారొస్తే ముందు ఇతన్నే అడుగుతాను."

ఆ సాయంత్రం మంగా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే నంబర్లు ఇచ్చుకున్నాం. విదేశీ పిల్లలు మా గొడవేం తీర్చలేదు. మా గట్టు సంగతి వాళ్ళకేం తెలుసు? కానీ అక్కడ మా మీద కన్నేసి ఉంచే పెద్దలు లేరు. కోపం పోకపోయినా కలిసి పని చెయ్యొచ్చని మొదటిసారి చూసింది అక్కడే.

తర్వాత యాళినీ నువన్ వాళ్ళూ మా ఊరొచ్చి మాతో కలిసి కాలవలో గుర్రపుడెక్క తీశారు. రెండు గట్ల మీదనుంచీ తిట్లే. మా ఇంట్లో భోజనాల దగ్గర పెదనాన్న యాళినిని అడగమన్నాడు, ఆ కుర్రాడి పక్కన కూర్చుని ఎలా తింటోందని. అడిగాను.

"ఆకలేస్తే" అంది.

పెదనాన్న తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

మరుసటేడు వానాకాలంలో వరసగా మబ్బు పట్టి, ఒక పొద్దున్న మా చెరువుల్లో చేపలన్నీ తేలిపోయాయి. లంక ఊరోళ్ళు మందు పోశారన్నారు. మగాళ్ళు కర్రలు పట్టుకుని గట్టెక్కారు. నేను మంగకి ఫోన్ చేశాను.

"మేం కాలవలో వల కట్టి ఉంచిన చేపలూ తేలిపోయాయే" అంది. "మీవాళ్ళే పోశారని మావాళ్ళు పడవలెక్కుతున్నారు. ఈ మబ్బుకి నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోయిందే, అంతే. వీడియో పంపుతున్నా, చూపించు."

గోల విని వచ్చిన టీచరుగారు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, బురదలో జారుతూ పెదనాన్నకి ఎదురెళ్ళారు. "చూడండి. వాళ్ళ చేపలకి వాళ్ళే మందు పోసుకుంటారాండీ?"

ఆయన చాలాసేపు చూశాడు. అవతల మంగావాళ్ళు పడవలకి అడ్డంగా నడుంలోతు నీళ్ళలో నిలబడ్డారు. కర్రలు దిగాయి. ఆవిడకి ఎవరూ థాంక్స్ చెప్పలేదు.

"శాంతంటే కౌగిలించుకోవడం కాదే" అన్నారు ఇంటికొస్తూ. "కొట్టే ముందు కనుక్కోవడం. ముందు అది నేర్చుకోండి."

గట్టు కేసు ఇంకా కోర్టులోనే ఉంది. రెండు ఊళ్ళకీ ఇప్పటికీ మాటల్లేవు. కానీ ఆ రోజు తర్వాత కర్ర లేచిన ప్రతిసారీ ముందు ఎవరో ఒకరి ఫోన్ మోగింది.

ఆడపిల్లలు శ్మశానానికి రాకూడదన్నారు. వెళ్ళాను. అడ్డొచ్చిన వాళ్ళు నా మొహం చూసి తప్పుకున్నారు. రెండు రోజులుగా వాన. మా వాళ్ళు తెచ్చిన కట్టెలు తడిసి ముద్దయ్యాయి. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడుగారు దిక్కులు చూస్తున్నారు. అప్పుడు కాలవలో పడవొకటి వచ్చి ఆగింది. దాన్నిండా టార్పాలిన్ కప్పిన ఎండు తుమ్మ కట్టెలు. లంక ఊరివాళ్ళు పడవ దిగలేదు. మావాళ్ళు రమ్మనలేదు. పెదనాన్న ఒడ్డున బురదలోకి దిగి చేతులు చాచాడు. ఆయన వెనక ఒకరి తర్వాత ఒకరు వరస కట్టారు. ఎవరి మొహంలోనూ స్నేహం లేదు. పడవలోంచి ఒడ్డుకి, ఒడ్డునుంచి చితి దాకా, కట్టెలు చేతులు మారుతూనే ఉన్నాయి.